ఇంటి జాగాలో ఎముకలు

నాచారంలో ఒక పెట్ క్లినిక్‌లో ఫోన్లు ఎత్తడం నా పని. డాక్టరు గారు లోపల సూదులూ కుట్లూ వేస్తూ ఉంటారు. నేను బయట బల్ల దగ్గర కూర్చుని జనానికి జవాబులు చెబుతుంటాను. మొదట్లో ప్రతి చిన్నదానికీ లోపలికి పరుగెత్తి అడిగొచ్చేదాన్ని. కొన్నేళ్ళయ్యాక తెలిసింది, ఉప్పల్ నుంచి చేసినా బోడుప్పల్ నుంచి చేసినా అందరూ తిప్పి తిప్పి అవే అడుగుతారని. కుక్క గడ్డి ఎందుకు తింటోంది? పొద్దున్నే పచ్చగా కక్కింది, కామెర్లా? పెరుగన్నం ఒక్కటే పెడితే చాలదా? దీపావళికి మంచం కింద దూరింది, బయటికి రావడం లేదు, ఏం చేయాలి? చెప్పులు కొరికేస్తోంది, ఒక దెబ్బ వేయొచ్చా?

"మేడం, మా కుక్క పొద్దుగాల్నుంచి ఏం తింటలేదు. ఊకె పండుకుంటున్నది. జర సార్‌నడిగి ఏదన్న గోలీ చెప్పున్రి" అంటాడు ఒకాయన.

"నిన్న ఏం పెట్టారండీ?"

"ఏం లేదు మేడం. ఇంట్ల ఫంక్షనైంది. బిర్యానీ మిగిలితే జరంత పెట్టినం."

ఆ జరంత ఎంతో నాకు తెలుసు. అది పెట్టింది ఒకరు కాదని, ఇంటికొచ్చిన చుట్టాలందరూ ముద్దొచ్చి తలా ఇంత పెట్టారనీ తెలుసు. ఆ పూట ఏమీ పెట్టకండి, నీళ్ళు మాత్రం ఉంచండి, కక్కుతూనే ఉంటే తీసుకురండి అని చెబుతాను. పిల్లికి ఒళ్ళు కాలుతుంటే మనుషులు వేసుకునే జ్వరం బిళ్ళ సగం విరిచి వేశామని ఎవరైనా అన్నప్పుడు మాత్రం నా గొంతు లేస్తుంది. పిల్లికి అది విషం. ఉన్నపళాన తీసుకురమ్మని ముందు చెప్పి, వచ్చాక తిడతాను. వాళ్ళు ఏమీ అనుకోరు. ఇంట్లో పెద్దావిడ ఎవరో తిట్టినట్టు తల వంచుకుని వింటారు.

ఒక్క ప్రశ్న మాత్రం ఫోన్లో అడగరు. క్లినిక్ దాకా వచ్చి, లోపల అంతా అయిపోయాక, బల్ల దగ్గర కొంచెం సేపు ఊరికే నిలబడి అడుగుతారు. అప్పటికి కుక్క దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో ఉంటుంది.

"ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టాలి మేడం?"

ఏం చెబుతాం? మూడో అంతస్తులో ఉండేవాళ్ళకి తులసి కోటలో ఉన్నంత మట్టి కూడా ఉండదు. మీకు ఎక్కడైనా ప్లాటు ఉందా అని అడిగేదాన్ని. చాలామందికి ఉండేది. ఉప్పల్‌లో అద్దెకుంటూ, ఊరి అవతల ఎక్కడో నాలుగు రాళ్ళు పాతిన జాగాని తలుచుకుంటూ బతికేవాళ్ళే ఇక్కడ ఎక్కువ. ఉంటే అక్కడే లోతుగా తవ్వించండి, ఉప్పు పోయండి, వీధికుక్కలు తవ్వకుండా పైన బండ పెట్టండి అనేదాన్ని. అది మంచి జవాబే. మనసుకి ఊరటనిచ్చే జవాబు కూడా.

ఇప్పుడు ఆ మాట చెప్పే ముందు నేనే వాళ్ళని ఎదురు ప్రశ్న అడుగుతున్నాను. ఆ ప్లాటులో ఎప్పటికైనా ఇల్లు కట్టుకునే ఆలోచన ఉందా అని. ఉందంటే అక్కడ వద్దంటాను. ఎందుకని కొందరు అడుగుతారు. బల్ల దగ్గర నిలబెట్టి చెప్పే సంగతి కాదు కాబట్టి మాట మారుస్తాను. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మా కుక్క క్లినిక్‌లోనే దొరికింది. ఎవరో కుక్కపిల్లని గేటుకి కట్టేసి వెళ్ళిపోయారు. గోధుమరంగు, ఒక చెవి నిలబడి ఒకటి వాలిపోయి ఉండేది, వీధికుక్కల సంతానం. ఎవరూ తీసుకెళ్ళకపోతే నేనే ఇంటికి తెచ్చాను. అప్పటికి మామయ్య పోయి, అత్తయ్య గుంటూరు నుంచి వచ్చేసి మా దగ్గరే ఉంటోంది. మడీ ఆచారమూ గట్టిగా ఉన్న మనిషి. గుమ్మంలో నన్నూ, నా చేతిలో దాన్నీ చూసి, "ఇది వంటింటి గడప దాటిందంటే నేను ఊరెళ్ళిపోతాను" అంది.

ఆ కుక్కకి గుంటూరు తెలుగు అర్థమైందో ఏమో, జీవితాంతం వంటింటి గడప మీదే పడుకుంది. ముందు కాళ్ళు రెండూ లోపల, మిగతా ఒళ్ళంతా బయట. నేను నవ్వితే అత్తయ్య, "దాటలేదుగా" అనేది. దాని కోసం అన్నం కొంచెం మెత్తగా వండడం మొదలుపెట్టింది. ఉప్పు వేయకముందే దాని వాటా పక్కకి తీసేది. కుక్కకి ఒక పేరుంది, నేను పెట్టిందే. ఇక్కడ రాయను. రాస్తే పిలిచినట్టుంటుంది. అత్తయ్య ఎప్పుడూ ఆ పేరు వాడలేదు. "పిల్ల" అనేది.

అది రాకముందు అత్తయ్యకీ నాకూ మధ్య పెద్దగా మాటలుండేవి కావు. గొడవలూ లేవు. పాలవాడు వచ్చాడా, గ్యాసు బుక్ చేశావా, ఇలాంటివే. కుక్క వచ్చాక సాయంత్రం నేను చెప్పులు విడవకముందే ప్రశ్న మొదలయ్యేది.

"అమ్మాయ్, ఇది పడుకునే ముందు చుట్టూ తిరుగుతుందేమిటి?"

"పాత అలవాటు అత్తయ్యా. అడవిలో గడ్డి తొక్కి చదును చేసుకునేవట."

"ఇక్కడ గడ్డేదీ, టైల్సేగా" అని దాన్ని కేకలేసేది. ఇంకోరోజు, "నిద్రలో కాళ్ళు ఆడిస్తోంది. కలలొస్తాయా వీటికి?" అని అడిగేది. వస్తాయంటే, "ఏం కలలో పాపం, ఎప్పుడూ ఈ వీధి దాటి ఎరగదు" అనేది. రోజంతా క్లినిక్‌లో అవే ప్రశ్నలకి విసుక్కుంటూ జవాబు చెప్పిన నేను, ఇంట్లో మంచినీళ్ళు తాగి, కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పేదాన్ని. మా ఇద్దరికీ ఉన్న మాటలన్నీ ఆ కుక్క తెచ్చి పెట్టినవే. ఈ సంగతి అది ఉన్నప్పుడు నాకు తెలియలేదు.

బోడుప్పల్ అవతల మాకూ ఒక ప్లాటు ఉంది. మా ఆయన ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తా. కట్టడం ఎప్పటికి కుదురుతుందో తెలియకపోయినా ఆదివారాలు వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. చూడడానికి అక్కడేముంది, సర్కారు తుమ్మ, ఎర్రమట్టి. కుక్కకి మాత్రం అది స్వర్గం. గొలుసు విప్పగానే ఈ రాయి నుంచి ఆ రాయి దాకా ఉరికేది, గోతులు తవ్వేది, ముక్కు నిండా మట్టి చేసుకుని వచ్చేది. అత్తయ్య చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గదులు చూపించేది. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ దేవుడు, ఇదిగో నా గది. ఆ గది పక్కన గోడకీ ప్రహరీకీ మధ్య కొంచెం చోటు వదలమనేది. "నా కిటికీ కింద పిల్ల పడుకుంటుంది" అనేది. ఇల్లు లేదు, కిటికీ లేదు, కుక్క పడుకునే చోటు మాత్రం ఖాయమైపోయింది.

ముసలితనంలో దానికి కిడ్నీలు పాడయ్యాయి. నీళ్ళు ఎక్కువ తాగడం చూసి వెంటనే రక్తం పరీక్ష చేయించాను, డాక్టరు గారు చేయగలిగినదంతా చేశారు. ఇంట్లోనే సెలైన్ ఎక్కించేదాన్ని. బాటిల్ కిటికీ ఊచకి వేలాడదీసి నేను సూది పెడుతుంటే, అత్తయ్య దాని తల ఒళ్ళో పెట్టుకుని విష్ణుసహస్రనామం చదివేది. పోయేముందు రెండు మూడు రోజులు అత్తయ్య చేతి మీద నీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు. ఒక మధ్యాహ్నం ఎండ గడపదాకా వచ్చిన వేళ, ఆవిడ ఒళ్ళోనే పోయింది. ఆవిడకి తెలిసింది గానీ శ్లోకం మధ్యలో ఆపలేదు. చివరిదాకా చదివి, అప్పుడు నన్ను పిలిచింది.

ఎక్కడ పెట్టాలని మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. ప్లాటుకి తీసుకెళ్ళాం. మా ఆయనే స్వయంగా తవ్వాడు. అత్తయ్య తన నేత చీర ఒకటి తెచ్చి దాన్ని చుట్టింది. చుట్టబోతూ ఆగి, మెడకున్న బెల్టు విప్పింది. "ఊపిరాడదు" అంది. మేం ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం. ఉప్పు పోసి, మట్టి కప్పి, బండ పెట్టాం.

తర్వాత ఆదివారాలు వెళితే అత్తయ్య తిన్నగా ఆ బండ దగ్గరికి వెళ్ళి కూర్చునేది. ఇంట్లో సాయంత్రాలు మాత్రం మళ్ళీ పాలవాడు వచ్చాడు, గ్యాసు అయిపోయింది అన్న మాటలకే వచ్చాం. నాకు ఏడుపు క్లినిక్‌లో వచ్చేది, ఎవరి కుక్కకో గోళ్ళు కత్తిరిస్తుంటే అది నా చేతిని నాకినప్పుడు.

కొన్నేళ్ళకి మా ఆయనకి గుండెనొప్పి వచ్చింది. స్టెంటు వేశారు. మనిషి కోలుకున్నాడు గానీ భయం కోలుకోలేదు. నేను ఉండగానే మీకు ఒక ఇల్లు అమర్చాలి అనడం మొదలుపెట్టాడు. అలా, ఎప్పటికో అనుకున్న ఇల్లు ఆ ఏడే మొదలైంది. శంకుస్థాపనకి ముందు జాగా చూడమని నాచారంలో ఉండే ఒక పెద్ద సిద్ధాంతి గారిని తీసుకెళ్ళాం. నెమ్మదైన మనిషి, డబ్బు మనిషి కాదు. దిక్సూచి పెట్టి చూశాడు, కొలతలు రాసుకున్నాడు, అంతా బాగుందన్నాడు. చివర్లో అందరినీ అడిగే మాటే అడిగాడు.

"ఈ జాగాలో మీకు తెలిసి ఎప్పుడైనా ఏదైనా పూడ్చారా అమ్మా?"

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. మేమిద్దరం ఏమీ అనకపోతే అది అక్కడితో అయిపోయేది. కానీ అడిగింది అత్తయ్యని. పూజ చేయించే మనిషికి అబద్ధం చెప్పడం ఆవిడ ఎరగదు. పైగా ఆవిడకి అందులో దాచవలసిన విషయమేదీ కనిపించలేదు. చుట్టం ఇల్లు చూపించినట్టు చెయ్యి చాచి, "అదిగో, ఆ బండ కింద మా పిల్ల ఉందండీ" అంది.

ఆయన ముందు మనిషి పిల్ల అనుకుని బెదిరిపోయాడు. కుక్క అని తెలిశాక ఊపిరి పీల్చుకుని, అయినా తల అడ్డంగా ఆడించాడు. ఎముక శల్యమట. ఇంటి జాగాలో శల్యం ఉంటే యజమాని ఆరోగ్యానికి మంచిది కాదట. ప్రహరీ లోపల ఎక్కడున్నా దోషమేనట. తీసేయాలి, తల నుంచి తోక దాకా, ఒక్కటి మిగలకుండా.

నేను ఊరుకోలేదు. "ఇది మొన్నటిదాకా పొలం కదండీ. ఎన్ని ఎడ్లు పోయి ఉంటాయి, ఎన్ని పాములు, ఎన్ని ఎలుకలు? అవన్నీ తీయించామా?" అన్నాను.

"తెలియనిది దోషం కాదమ్మా. తెలిశాక ఉంచుకుంటేనే దోషం" అన్నాడు ఆయన. కోప్పడకుండా, నచ్చజెబుతున్నట్టే అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఉండుంటే ఆ రోజే అక్కడే గొడవ తేలిపోయేది.

ఇంటికి వచ్చాక, అన్నాల దగ్గర నేను బయటపడ్డాను. పుట్టినప్పటి నుంచి ఎవరికీ ఏ చెడూ చేయని జీవి చచ్చాక ఇంటికి అరిష్టం ఎలా అవుతుందని అడిగాను. మీకు ఇలాంటి నమ్మకాలున్నాయని ఇన్నేళ్ళూ నాకు తెలియదే అని మా ఆయన్ని దెప్పాను. ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపాడు.

"నాకు నమ్మకముందని ఎవరన్నారు?" అన్నాడు. "రేపు నాకు ఏదైనా అయిందనుకో. అమ్మ ఏమనుకుంటుంది? ఆ కుక్క వల్లే అనుకుంటుంది. బతికినన్నాళ్ళూ అమ్మ చేత ఒక్క తిట్టు తినలేదు అది. చచ్చాక తినాలా?"

ఆయన దాన్ని తీసేయాలనుకున్నది కూడా దాని మీద ప్రేమతోనే అని తెలిసి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు. అత్తయ్య వడ్డిస్తోంది. చారు గిన్నె కింద పెట్టి, "తీయించేయండి. నేనూ వస్తాను" అంది. తను మాత్రం ఆ పూట మజ్జిగ తాగి లేచింది.

తవ్వడానికి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు, పునాదుల పనికి మాట్లాడుకున్నవాళ్ళే. బండ జరిపి, పార వేశారు. పైన మట్టంతా అయ్యాక నెమ్మదిగా తవ్వమని చెప్పాం. చీర దాదాపు మట్టిలో కలిసిపోయింది. అంచు మాత్రం దారాలు దారాలుగా లేచి వచ్చింది. ఆ అంచు చూడగానే అత్తయ్య ఇటుకల మీద కూర్చుండిపోయింది.

"గిదేనా అమ్మా?" అని ఆ మనిషి ఒక ఎముక ఎత్తి చూపించాడు. కాలిది. క్లినిక్‌లో గోడకి కుక్క అస్థిపంజరం బొమ్మ ఉంటుంది. ఎక్కడ ఏది ఉంటుందో నాకు కంఠతా వచ్చు. ఆ చదువు నాకు ఇలా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అత్తయ్య తెచ్చిన కొత్త తెల్లగుడ్డ పరిచి, నేను మట్టి దులిపి ఒక్కొక్కటే పెట్టాను. తల, దవడ, పక్కటెముకలు, వెన్నుపూసలు, తోక. తోకలో ఎముకలు ఎంత చిన్నవో. నన్ను చూసినప్పుడల్లా గోడకేసి టపటపా కొట్టుకున్నది అవే.

"ఇంకేం లెవ్వమ్మా. అన్ని అచ్చినయ్" అంది ఆ కూలి ఆమె, మట్టి జల్లిస్తూ.

అప్పుడు కనిపించింది నాకు. గోతి అంచున, పోసిన మట్టిలో, వేలి ఎముక ఒకటి. చింతగింజంత ఉంది. ఎవరూ చూడలేదనుకుని కాలితో దాని మీదకి మట్టి నెట్టాను. తప్పని అనిపించలేదు. ఇంత ఇంట్లో, ఇంత జాగాలో, ఆ చింతగింజంత అయినా ఉండనీ అనుకున్నాను. ఎన్ని ఆదివారాలు ఈ మట్టిలో ఉరికింది, ఆ మాత్రం హక్కు దానికి లేదా అనుకున్నాను.

అత్తయ్య ఇటుకల మీద నుంచి లేచింది. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేని మనిషి, ఒక చెయ్యి నేలకి ఆనించి వంగి, నేను కప్పిన మట్టిని వేళ్ళతో తీసింది. ఎముక బయటికి తీసి, కొంగుతో తుడిచి, గుడ్డలో మిగతావాటి పక్కన పెట్టింది.

"అదీ రానీ అమ్మాయ్" అంది. "ఒక్కటే ఎలా ఉంటుంది?"

కొడుకు క్షేమం కోసం అని అనలేదు. శాస్త్రం అని కూడా అనలేదు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ కూలివాళ్ళు కుక్క కోసం ఇంతలా ఏడుస్తారా అని నవ్వుకోలేదు. అతను పార పక్కన పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె, "ఊకో అక్కా, ఊకో" అంటూ నా వీపు నిమిరింది.

గుడ్డ మూట కట్టాక ఎక్కడికి తీసుకెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. నాగోల్ వంతెన దగ్గర మూసీలో కలిపేద్దామా అన్నాడు మా ఆయన. "ఆ నీళ్ళలోనా?" అంది అత్తయ్య. ఆ ఒక్క మాటతో ఆ ఆలోచన పోయింది. ముందు రోజే నేను క్లినిక్‌లో డాక్టరు గారితో ఈ సంగతి చెబుతుంటే, తన కుక్కకి టీకా వేయించడానికి వచ్చిన ఒక రిటైర్డ్ ఫౌజీ విన్నాడు. సైనిక్‌పురిలో ఉంటాడు. "మా ఇంట్ల మామిడిచెట్టు కింద మస్తు జాగా ఉందమ్మా. మావి నాలుగున్నయి ఆడ. తీస్కరాన్రి, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నాడు.

ఆటోలో అత్తయ్య ఆ మూట ఒళ్ళో పెట్టుకుంది. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా రెండు చేతులూ దాని మీద వేసి ఒత్తిపట్టుకునేది. మేం వెళ్ళేసరికి ఆ పెద్దాయన గొయ్యి తవ్వించి ఉంచాడు. చుట్టూ చామంతులు, కరివేపాకు, నీడ. మా జాగా కన్నా వెయ్యి రెట్లు చల్లని చోటు. ఇంతకన్నా మంచి చోటు ఎవరు చూపిస్తారు అనుకున్నాను. అత్తయ్య మూట లోపల పెట్టింది గానీ మట్టి వేయలేదు. చేతిలో మట్టి పట్టుకుని నిలబడిపోయింది.

"దీనికి ఇక్కడ ఎవరూ తెలియదు కదా" అంది.

కుక్కల గురించి జనం అడిగే ప్రశ్నలన్నిటికీ ఏళ్ళ తరబడి జవాబులు చెప్పిన నేను ఆవిడ పక్కనే ఉన్నాను. చచ్చినదానికి కొత్తేమిటి పాతేమిటి అని చెప్పొచ్చు. అది అబద్ధం కాదు. కానీ ఆవిడ అడిగింది అది కాదు. నేనే ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇద్దరి చేతులతో మట్టి వేయించాను.

ఇల్లు ఏడాదిలోపే లేచింది. మా ఆయన ఆరోగ్యం బాగానే ఉంది. గృహప్రవేశానికి చుట్టాలందరూ వచ్చారు. తెల్లవారుతుండగా ట్రాలీ ఆటోలో ఆవునీ దూడనీ తెచ్చారు. ముందు ఆవు లోపలికి వెళ్ళాలి, తర్వాత మేం. గ్రానైటు మీద గిట్టలు జారుతుంటే గోనెసంచులు పరిచారు. దూడ వెనకబడితే ఆవు అరిచి ఆగిపోయింది, దూడని ముందుకి తెచ్చాక కదిలింది. హాలు మధ్యకి వచ్చి పేడ వేసింది. అందరూ సంతోషించారు. శుభం, శుభం అన్నారు పురోహితులు. మా ఆడపడుచు దండం పెట్టింది, ఎవరో ఫోన్లో వీడియో తీశారు. అత్తయ్య ఆవుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, అరటిపళ్ళు తినిపించి, దాని గంగడోలు నిమిరింది. అది కళ్ళు మూసుకుని మెడ చాపింది.

ఒక పావుగంటలో ఆవుని మళ్ళీ ఆటో ఎక్కించేశారు. ఇంకో ఇంట్లో గృహప్రవేశం ఉందట, తొందరపడ్డారు. వీధిలో ఆటో మలుపు తిరిగేదాకా అత్తయ్య గేటు దగ్గరే నిలబడి ఉంటే, లోపలికి పిలుద్దామని నేను వెళ్ళాను. ఆవిడ నా వైపు చూడకుండానే అంది.

"అది ఒక్కసారి లోపలికొచ్చి పోతే ఇల్లంతా మంచి జరుగుతుందన్నారు. పిల్ల అన్నేళ్ళు మన కాళ్ళల్లోనే తిరిగింది కదమ్మాయ్."

ఆవిడ ఏడుస్తోంది, పండగ పూట కొంగు మొహానికి అడ్డం పెట్టుకోకుండా, అందరూ చూసేలాగే ఏడుస్తోంది. లోపల పాలు పొంగుతున్నాయి రమ్మని మా ఆయన పిలుస్తున్నాడు. వస్తున్నామని చెప్పి, ఆవిడ పక్కనే నిలబడ్డాను.